పెద్ద చేపను నీళ్లలోనే ఉంచరా

చిరంజీవి వాసుకి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్లో నీ ఫొటో చూపించింది. హడ్సన్ నది మీద పడవలో నిలబడి, ఇంత పొడుగు స్ట్రైపర్ చేపని దవడ పట్టుకుని వేలాడదీశావు. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నీ ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు. మే 1 దాకా చిన్న పడవల్లో అది వేసుకుని తీరాలని అక్కడ చట్టం. ఏప్రిల్ నీళ్లలో పడ్డావా, గజ ఈతగాడికైనా నిమిషాల్లో చేతులు కొయ్యబారిపోతాయి. గోదావరి ఈదినవాణ్ణని చెప్పకు నాన్నా, ఆ నీళ్లు వేరు.

తర్వాత చేప పొట్ట చూశాను. గుండ్రంగా, బిగిసి ఉంది. జన మీదున్న ఆడచేప.

దాన్ని వదిలేశావా? మీ అమ్మనడిగితే "పులుసు పెట్టుకునుంటాడు" అంది. రెండు రాత్రులుగా నాకదే ధ్యాస. జార్జ్ వాషింగ్టన్ వంతెనకి ఎగువన 23 నుంచి 28 అంగుళాల లోపు చేప, రోజుకొకటి, అంతే ఉంచుకోనిస్తారు. 2024 నుంచి ఇదే రూలు. నీ చేతిలోది నలభైకి తగ్గదు.

రూలు ఒక్కటే అయితే ఇంత ఉత్తరం రాయను. 1998 మే నెలలో నేనూ అలాంటిదాన్నే పట్టాను, కింగ్‌స్టన్ దగ్గర రోండౌట్ వాగు నదిలో కలిసేచోట. బతికున్న హెర్రింగ్‌ని ఎరగా వేశాను. అప్పట్లో అంత చేపని ఇంటికి తెచ్చుకోవచ్చు. పొట్ట కోస్తే రెండు పొడుగాటి సంచుల నిండా జన, ఆకుపచ్చ రంగు తిరిగి. మీ పెద్దమ్మ స్టీలు బేసిన్ పట్టింది, అది నిండింది. వేపుడు చేద్దామని సంబరంగా మొదలుపెట్టి, ఇద్దరం దాని చుట్టూ కూర్చుండిపోయాం. లక్షల గుడ్లురా. ఆరేడేళ్లు బతికితేగాని ఆ ఆడది గుడ్డు పెట్టదు. బతకనిస్తే ముప్ఫై ఏళ్లు కూడా బతుకుతుంది, ఎంత పెద్దదైతే అంత జన. గూడంటూ కట్టదు. సముద్రంలోంచి నదిలోకి ఎక్కొచ్చి, ప్రవాహంలో గుడ్లు వదిలేసి వెళ్లిపోతుంది. అవి నీళ్లతో కొట్టుకుపోతూనే రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

ఆ నదిలోకే వచ్చే షాడ్ చేపని నువ్వు చూసుండవు. నేను అక్కడికి వెళ్లిన కొత్తలో, 1986 వసంతంలో, ఇంటి బెంగతో మనసు మనసులో లేనప్పుడు ఒకాయన నాకో షాడ్ చేప ఇచ్చాడు. వండుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. సన్నటి ముళ్లు, ఒక్కొక్కటే ఏరుకుంటూ తినాలి, అచ్చం మన పులసలాగే. రెండూ చుట్టాలేనని తర్వాత తెలిసింది. ఆ పూట కళ్లనీళ్లతోనే తిన్నాను. మీ తాతయ్య ధవళేశ్వరంలో ఎర్రనీరు దిగగానే తెచ్చే పులస గుర్తొచ్చింది. అలాంటి షాడ్‌ని హడ్సన్‌లో 2010 నుంచి అసలు పట్టనివ్వడం లేదు, అంతగా తగ్గిపోయింది. స్ట్రైపర్‌ని కూడా మితిమీరి పట్టేశారని 2019లో లెక్క తేల్చారు. అందుకే నా గోల.

ఇక పట్టే పద్ధతి. ఎర వేస్తే సర్కిల్ హుక్కే కట్టు. తాకగానే గుంజమని చిన్నప్పుడు నీకు నేర్పింది నేనే. అది మర్చిపో. తాడు బిగుసుకోనీ, మెల్లగా చుట్టు, హుక్కు దానంతటదే దవడ మూల పడుతుంది. గుంజితే అది సరిగ్గా పడకుండా జారిపోతుంది. చేతులు తడుపుకో. నిలువుగా వేలాడదీయకు, ఆ బరువుకి దాని దవడా వెన్నూ దెబ్బతింటాయి. ఒక చెయ్యి దవడకింద, ఒకటి పొట్టకింద వేసి అడ్డంగా పట్టుకో. ఫొటో కావాలంటే నీళ్లలో ఉంచే తీయించుకో. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా పట్టు. పోటూ పాటూ ట్రాయ్ ఆనకట్ట దాకా తాకుతాయి కాబట్టి నీరు ఎటు పారుతోందో ముందు చూసుకో. తోక చటుక్కున కొట్టి నీ చేతిలోంచి తనే జారిపోవాలి. ఆ కొట్టడం నా అరచేతిలో ఇప్పటికీ ఉంది.

పులుసు సంగతి. కోడలికి ఇప్పుడు అయిదో నెల కదా. ఆ నది చేప ఏదీ దానికి ఒక్క ముక్క కూడా పెట్టకు. ఎగువ ఫ్యాక్టరీలనుంచి చేరిన పీసీబీల విషం ఇంకా ఆ చేపల కొవ్వులో ఉంది. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లూ పిల్లలూ తినకూడదని అక్కడి ఆరోగ్య శాఖే చెబుతోంది. ఇప్పటికే తినుంటే డాక్టరుకి చెప్పండి, దాచొద్దు. దానికి చేప తినాలనిపిస్తే డాక్టరునడిగి కొట్లోంచి మంచి చేప తెచ్చి వండిపెట్టు. చింతపండు మీ పెద్దమ్మ పార్సిల్లో వేస్తోంది, కొత్తావకాయతో పాటు.

నీ మీద కోపం లేదు. అంత చేపని ఒక్కడివీ పైకి తేవడం చిన్న పని కాదు, చూడగానే గర్వపడ్డాను. మీ నాన్న ఉంటే ఊరంతా చూపించేవాడు.

ఆ చేపని ఏం చేశావో నాకే ఫోన్ చేసి చెప్పు. ఈ ఆదివారం రాత్రి పదిదాకా మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న