కొనేముందు బోర్లించి చూడండి

ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక దుకాణంలో గాజు చేప కొన్నాను. పొట్టలో నీలం, తోకలో కాస్త పసుపు, మీద 'మురానో' అని, అంటే ఇటలీ గాజు దీవి పేరుతో, బంగారు రంగు చీటీ. ఆర్నెల్లకు చీటీ ఊడింది. దాని కింద, పొట్ట పొడవునా, సన్నటి అచ్చు గీత! ఇటలీ పనివాడు చేప చేస్తే కరిగిన గాజును పటకారుతో లాగి తోక, రెక్కలు తీస్తాడు. కడ్డీ విరిచిన మచ్చో, దాన్ని అరగదీసిన జాడో అడుగున మిగులుతుంది. నా చేపకు అదేమీ లేదు. నేను చీటీ చదివాను, చేపను చూడలేదు.

మనలో చాలామంది ఉద్యోగాన్నీ సంబంధాన్నీ ఇలాగే, చీటీ చూసి ఎంచుకుంటాం. కానీ మిర్యాలగూడలో ధాన్యం కొనే పాతకాలపు మనిషిని గమనించండి. గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి, ఒకటి కొరికి తేమ చెప్పేస్తాడు. తేమ మీటరు ఆ తర్వాతే.

అంత చూపు రావాలంటే పరిధి చిన్నది పెట్టుకోవాలి. మురానో గాజునే తీసుకోండి. అగ్నిప్రమాదాల భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుముల్ని మురానో దీవికి పంపించారు. ఏడు శతాబ్దాల సరుకు! అంతా పోగేస్తానంటే ఇల్లూ చాలదు, జీతమూ చాలదు. అదే డిజైనర్ అలెస్సాండ్రో పియానన్ 1960ల తొలినాళ్లలో మురానోలోని విస్టోసీ గాజు సంస్థకు గీసిచ్చిన పక్షులు అయిదే. ఒకటి బంతిలా, ఇంకొకటి డబ్బాలా ఉంటుంది. రాగి కాళ్లు, పూసల్లాంటి కళ్లు. పుల్చీనీ అంటారు, అంటే కోడిపిల్లలన్నమాట. ఆ అయిదింటినీ క్షుణ్ణంగా ఎరిగినవాడితోనే నేను బేరానికి వెళ్తాను, వెయ్యి బొమ్మలు పోగేసినవాడితో కాదు.

ఇటలీ దూరం, డబ్బుల్లేవు అనకండి. గాజు మనకు కొత్త కాదు, చేతి గాజుకీ కిటికీ గాజుకీ ఒకటే మాట వాడే జాతి మనది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయని 2024లో ప్రకటించారు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఆ తవ్వకాల్లో గాజు పూసలూ దొరికాయి. జంతువు బొమ్మ, గాజు, దాచుకునే అలవాటు మూడూ మన మట్టిలోనే ఉన్నాయి.

ఈ వారం ఇంట్లో ఒక గాజు వస్తువు తీసి ఎండలో బోర్లించండి. పది నిమిషాలు చూసి బుడగ, గీత, మచ్చ, ఏం కనిపిస్తే అది రాసుకోండి. ధర రాయొద్దు.

తర్వాత హైదరాబాద్ బస్సెక్కి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. మూడో సాలార్‌జంగ్ 1914లో, పాతికేళ్ల వయసులో నిజాం దివాన్ పదవి వదిలేసి, 1949లో కన్నుమూసేదాకా సేకరణే పనిగా బతికారు. ఆయన మ్యూజియంలో యూరప్ గాజు గది ఉంది. అక్కడ ఒక్క వస్తువు దగ్గరే ఆగండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.