పాఠం 14: సామాజిక మాధ్యమాల ద్వారా వ్యాపారాన్ని పెంచుకోవడం

14.1 ఈ పాఠంలో ఏమి నేర్చుకుంటారు?

ఇంతకు ముందు పాఠంలో ఒక వస్తువు తయారీ ఖర్చును లెక్కకట్టి, అమ్మకం ధరను ఎలా నిర్ణయించాలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ వస్తువును ఫోను ద్వారా కొత్తవారికి చూపడం, అమ్మడం, ఒకసారి కొన్నవారు మళ్లీ మీ దగ్గరికే వచ్చేలా చూసుకోవడం గురించి చదువుతారు. పాఠం పూర్తయ్యేసరికి మీరు మూడు పనులు చేయగలగాలి. మీ వస్తువును ఉన్నది ఉన్నట్టు ఫొటోలో చూపగలగాలి. ప్రకటన మీద పెట్టిన డబ్బు తిరిగి వచ్చిందో లేదో లెక్క వేయగలగాలి. కొన్నవారి వివరాలను సొంత పుస్తకంలో రాసి ఉంచుకోగలగాలి. మూడింటిలో చివరిది చాలా తేలిక. ఎక్కువమంది చేయనిది కూడా అదే.

పాఠమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి ప్రాంతంలో ఇక్కత్ చీరలు నేసే ఒక కుటుంబం ఉన్నదనుకోండి. భర్త మగ్గం మీద కూర్చుంటాడు. భార్య ఆసు పోస్తుంది, ఫోనులో అమ్మకాలు చూసుకుంటుంది. మీరు పచ్చళ్లు పెట్టేవారు కావచ్చు, బట్టలు కుట్టేవారు కావచ్చు, షోలాపూర్‌లో దుప్పట్లు అమ్ముకునే తెలుగువారు కావచ్చు. వస్తువు మారినా లెక్క మారదు.

14.2 నేసేవారికి, కట్టుకునేవారికి మధ్య

చాలామంది నేత కార్మికులు మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో చీర నేసి, మజూరీ తీసుకుంటారు. చీర అక్కడినుంచి దుకాణానికి, దుకాణం నుంచి కొనేవారికి చేరుతుంది. తాను నేసిన చీర ఎవరు కట్టుకున్నారో నేసినవారికి తెలియదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడినప్పుడు చీరలు ఇళ్లలోనే మిగిలిపోయాయి. ఆ రోజుల్లో చదువుకున్న పిల్లలు చీరల ఫొటోలు తీసి, తెలిసినవారికి వాట్సాప్‌లో పంపి అమ్మిపెట్టిన కుటుంబాలు ఉన్నాయి. నేరుగా అమ్ముకోవచ్చన్న ధైర్యం కొందరికి అప్పుడే వచ్చింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్యవారు ఊరికే లాభం తింటారని తొందరపడి అనుకోవద్దు. నూలుకు ముందుగా డబ్బు పెట్టేది మాస్టర్ వీవరే. చీర ఆరు నెలలు అమ్ముడుపోకపోతే ఆ భారం మోసేదీ ఆయనే. మీరు నేరుగా అమ్మడం మొదలుపెడితే ఆ రెండు భారాలూ మీ మీదికి వస్తాయి. అందువల్ల మొదట నెలకు ఒకటి రెండు చీరలు మాత్రమే సొంతంగా అమ్మి చూడండి. మజూరీ పనిని ఒక్కసారిగా వదులుకోకండి.

14.3 ఏ మాధ్యమం దేనికి పనికివస్తుంది?

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మిమ్మల్ని తెలియనివారికి పరిచయం చేస్తాయి. వాట్సాప్ తెలిసినవారితో మాట్లాడడానికి పనికివస్తుంది. మొదటివి ఊరి సంత వంటివి, రెండోది మీ ఇంటి అరుగు వంటిది. సంతలో చూసినవారిని అరుగు దాకా తీసుకురావడమే ఇక్కడి పని.

చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ బిజినెస్ అనే ప్రత్యేక యాప్ 2018లో మన దేశంలోకి వచ్చింది. దానిలో దుకాణం పేరు, చిరునామా, పనివేళలు పెట్టుకోవచ్చు. వస్తువుల ఫొటోలను, ధరలను ఒకచోట పేర్చే కేటలాగ్ కూడా ఉంటుంది. యాప్‌కు డబ్బు కట్టనక్కరలేదు. ఇంటి నంబరుతో కాకుండా వేరే సిమ్‌తో దీన్ని మొదలుపెట్టడం మంచిది. లేకపోతే చుట్టాల శుభోదయం బొమ్మల మధ్య కొనేవారి ప్రశ్న కనబడకుండా పోతుంది.

అన్ని మాధ్యమాల్లోనూ ఒకేసారి దిగనక్కరలేదు. వాట్సాప్‌తో పాటు మరొకటి చాలు.

14.4 ఫొటో: ఉన్నది ఉన్నట్టు

దుకాణంలో కొనేవారు చీరను చేత్తో పట్టుకుని, మడత విప్పి, తిరగేసి చూస్తారు. ఫోనులో ఆ అవకాశం లేదు. వారి చేతులు చేసే పనిని మీ ఫొటో చేయాలి.

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ, ఎండ నేరుగా పడని వరండాలో ఫొటో తీయండి. రాత్రి ట్యూబులైటు కింద తీస్తే ఎరుపు ఒకలా, నీలం మరొకలా వస్తాయి. రంగుకు మెరుపు తెచ్చే ఫిల్టర్లు వాడకండి. ఫొటోలో మెరిసిన చీర ఇంటికి వెళ్లాక వెలవెలబోతే, ఆమె మళ్లీ కొనదు. తన స్నేహితులకు కూడా ఆ మాట చెబుతుంది. ఒక్కో చీరకు నాలుగు ఫొటోలు చాలు: చీరంతా, కొంగు, అంచు దగ్గరనుంచి, వెనుక వైపు.

వెనుక వైపు ఎందుకో చూద్దాం. ఇక్కత్‌లో నేయడానికి ముందే నూలుకు ముళ్లు కట్టి రంగులు అద్దుతారు. నూలులోనే రంగు ఉంటుంది కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేస్తే సాధారణంగా వెనుక వైపు రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పేరుతో అచ్చు చీరలు సామాజిక మాధ్యమాల్లో తక్కువ ధరకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ధరతో మీరు పోటీ పడలేరు, పడవద్దు కూడా. "చీరను తిప్పి చూపుతున్నాను, చూడండి" అనే అర నిమిషం వీడియో మీ ధర ఎందుకు ఎక్కువో చెబుతుంది.

పనిని చూపడం కూడా ఇటువంటిదే. ఆసు పోయడం ఎంత చాకిరీయో బయటివారికి తెలియదు. ఒక్కో చీరకు దారాన్ని కొక్కేల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి. తల్లి పడే ఆ కష్టం చూడలేకనే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ ఇంట్లో రోజూ జరిగే పనిని మీరు వార్తగా భావించకపోవచ్చు. నగరంలో ఉన్నవారికి అది కొత్త. వీడియోకు సినిమా పాట జోడించనక్కరలేదు, మగ్గం చప్పుడు చాలు.

మరమగ్గం చీరను చేనేత అని రాయడం, కొనని చుట్టాల చేత "చాలా బాగుంది" అని సమీక్షలు రాయించడం తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆహార పదార్థాలు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు తీసుకుని సీసా మీద వేయాలి.

14.5 ధర, జవాబు

"ధర కోసం మెసేజ్ చేయండి" అని రాయడం ఇప్పుడు ఒక అలవాటుగా మారింది. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. మనిషిని చూసి ధర చెబుతారేమోనన్న అనుమానం వస్తుంది. ధరను ఫొటో కిందనే రాయండి. ఎవరైనా అడిగితే జవాబు ఇలా ఉండవచ్చు:

"అక్కా, ఈ చీర ఉందా?"
"ఉంది అమ్మా, ఒక్కటే ఉంది. కాటన్ ఇక్కత్. ధర 3,000 రూపాయలు, కొరియర్ ఖర్చు మాదే. రంగు ఫోనులో కంటే కొంచెం ముదురుగా ఉంటుంది. రవిక ముక్క ఉంది. రేపు పంపితే నాలుగైదు రోజుల్లో అందుతుంది."

రంగు గురించి చెప్పిన మాట చూడండి. లోపం ముందే చెప్పినందువల్ల ఒకరిద్దరు కొనకపోవచ్చు. కానీ వెనక్కి వచ్చే చీరలు తగ్గుతాయి. వెనక్కి తీసుకుంటారా లేదా, తీసుకుంటే ఎన్ని రోజుల్లో, కొరియర్ ఖర్చు ఎవరిది అన్నవి కూడా అమ్మేముందే చెప్పాలి.

రీసెల్లర్ల సంగతి ఒకటుంది. వీరు మీ ఫొటోను తమ గ్రూపుల్లో పెట్టి, రెండు మూడు వందలు కలిపి అమ్ముతారు. అమ్మకాలు పెరుగుతాయి, నిజమే. కానీ ఒకే చీర పది చోట్ల పది ధరలకు కనిపిస్తుంది. అమ్ముడైపోయిన చీర కోసం కూడా ఫోన్లు వస్తుంటాయి. రీసెల్లర్లకు ఇవ్వదలిస్తే కొన్ని చీరలను వారికోసమే విడిగా ఉంచండి.

ఎప్పుడు చూపాలన్నది కూడా ముఖ్యమే. శ్రావణంలో కట్టుకునే చీరను ఆషాఢంలోనే చూపాలి. విదేశాల్లో ఉన్న తెలుగువారు బతుకమ్మకో సంక్రాంతికో కావాలంటే ఇంకా ముందుగా.

14.6 ప్రకటన మీద పెట్టిన డబ్బు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు కట్టి మీ ఫొటోను ఎక్కువమందికి చూపవచ్చు. ఈ భాగాన్ని కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి. అంకెలు ఉదాహరణకు మాత్రమే.

చీర తయారీ ఖర్చు, మజూరీతో కలిపి, 2,400 రూపాయలు. అమ్మకం ధర 3,000. కొరియర్ 120, ప్యాకింగ్ 30. అంటే చీరకు 450 రూపాయలు మిగులుతాయి. ప్రకటనకు 1,500 కట్టారు. 50 మంది అడిగారు, 5 గురు కొన్నారు. ఒక్కో అమ్మకానికి ప్రకటన ఖర్చు 300. కాబట్టి చీరకు మిగిలింది 150. అయిదు చీరలకు 750 రూపాయలు.

వాటిలో ఒక చీర "రంగు వేరుగా ఉంది" అని వెనక్కి వచ్చింది. రానుపోను కొరియర్, ప్యాకింగ్ కలిపి 270 రూపాయలు మీరే భరించారు. ఇప్పుడు నాలుగు చీరల మీద 1,800. అందులోనుంచి 270, ప్రకటనకు 1,500 తీసివేయండి. మిగిలేది 30 రూపాయలు. వెనక్కి వచ్చిన చీరను మళ్లీ అమ్మవచ్చు గానీ నెలరోజుల అమ్మకం తిరుగుడికి చేతిలో పడింది ముప్పై రూపాయలే.

ఇప్పుడు మరో విధంగా చూడండి. కొన్న నలుగురిలో ఇద్దరు ఆరు నెలల తరువాత మళ్లీ ఒక్కో చీర కొన్నారు. ఈసారి ప్రకటన లేదు. చీరకు 450 చొప్పున 900 రూపాయలు పూర్తిగా మిగిలాయి. మొదటి అమ్మకంలో మీకు దొరికింది లాభం కాదు, ఆ మనిషి పరిచయం. అందుకే లైకులను, చూసినవారి సంఖ్యను లెక్కపెట్టుకుని సంతోషపడవద్దు. ఎందరు అడిగారు, ఎందరు కొన్నారు, ఎందరు మళ్లీ వచ్చారు అన్న మూడు అంకెలు రాసుకోండి.

14.7 మీ పుస్తకం మీ దగ్గరే

2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్‌లో లక్షలమంది అనుచరులను సంపాదించుకున్న పల్లెటూరివారు ఎందరో ఆ పేర్లన్నీ ఒక్కసారిగా పోగొట్టుకున్నారు. వారి దగ్గర ఆ చూసేవారి ఫోను నంబర్లు లేవు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరు గంటలపాటు పనిచేయలేదు. మాధ్యమం మీది కాదు, అద్దె ఇల్లు. యజమాని ఎప్పుడైనా తాళం వేయవచ్చు.

కాబట్టి రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. కొన్న ప్రతివారి పేరు, ఫోను, ఊరు, కొన్నది, తేదీ రాయండి. చివర ఒక గడి వదిలి, వారు చెప్పిన మాట రాయండి: "కూతురి పెళ్లి మాఘంలో", "అమ్మకు ముదురు రంగులు ఇష్టం". మాఘానికి నెల ముందు ఆమెకు ఒక్క ఫొటో పంపితే అది ప్రకటన అనిపించదు. మీ నంబరును దాచుకొమ్మని కొన్నవారిని అడగండి, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపినవి మీ నంబరు దాచుకున్నవారికే చేరతాయి. రోజుకు పది ఫొటోలు పంపితే మాత్రం వారే మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. ఆ నంబర్లను అడగకుండా ఇతరులకు ఇవ్వకండి.

14.8 మోసాలు

డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. ఎవరైనా "డబ్బు వేస్తున్నాను, పిన్ కొట్టండి" అంటే అది మోసం. చెల్లించినట్టు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మి చీర పంపకండి, మీ బ్యాంకు ఖాతాలో చూసుకోండి. వాట్సాప్ పంపే ఆరు అంకెల కోడ్‌ను ఎవరికీ చెప్పవద్దు. చెబితే మీ ఖాతా వారి చేతికి పోతుంది, మీ పేరుతో మీ కొనుగోలుదారులనే డబ్బు అడుగుతారు. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీరు అమ్మే లేదా అమ్మదలచిన వస్తువుకు నాలుగు ఫొటోలు తీయండి. వాటిని ఆ వస్తువును ఎన్నడూ చూడనివారికి చూపి, తరువాత వస్తువును చేతికి ఇవ్వండి. ఏమి తేడా ఉందన్నారో రాయండి.

2. అరకిలో పచ్చడి సీసా తయారీ ఖర్చు 190 రూపాయలు, ధర 300, కొరియర్, ప్యాకింగ్ 60. ప్రకటనకు 800 ఖర్చు చేస్తే 16 మంది కొన్నారు. ఒక సీసా దారిలో పగిలింది, ఆ డబ్బు తిరిగి ఇచ్చారు. లాభమా, నష్టమా? ఎంత?

3. పై 15 మందిలో 10 మంది మరుసటి నెల ప్రకటన లేకుండా ఒక్కో సీసా మళ్లీ కొంటే మొత్తం లెక్క ఏమవుతుంది?

జవాబులు

2. సీసాకు మిగిలేది 50. పదిహేను సీసాలకు 750. పగిలిన సీసా వల్ల నష్టం 190 + 60 = 250. ప్రకటన 800. 750 − 250 − 800 = −300. అంటే 300 రూపాయల నష్టం.

3. రెండో నెల మిగులు 10 × 50 = 500. మొదటి నెల నష్టం 300 పోగా 200 రూపాయల లాభం.