తాతయ్య మైకు సెట్టుకి గిటార్ స్పీకర్

మా తాతయ్యది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్ళ పైనే మైకు సెట్టు నడిపాడు. ఆయన మొదటి సెట్టు 1977 నవంబర్ 19 ఉప్పెనలో ఇంటితో పాటే పోయింది. ఆ మరుసటి ఏడు అప్పు చేసి విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న వాల్వ్ ఆంప్లిఫయర్ మాత్రం ఇప్పటికీ అటక మీద ఉంది. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. లోపల రెండు ఈఎల్ 34 వాల్వులు, పవర్ 30 వాట్లు. వెనకాల స్పీకర్ వైర్లు బిగించే స్క్రూల పక్కన 4, 8, 16 ఓమ్స్, 100 వోల్ట్స్ అని రాసి ఉంటుంది.

సంక్రాంతి సెలవుల్లో దాన్ని దింపి గిటార్ ఆంప్ చేద్దామనుకున్నాను. గిటార్ వాయించేవాళ్ళు ఆంప్లిఫయర్ ఒక్కటే ఉన్న పెట్టెని హెడ్ అంటారు. స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉంటే కాంబో అంటారు. హెడ్‌ని కాంబోగా మార్చడం అంటే ఒక చెక్కపెట్టె, ఒక స్పీకర్, నాలుగు స్క్రూలు, అంతే కదా అనుకున్నా. ముందు అసలు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేసి, గిటార్ వైరు పెట్టి, తీగ మీటబోయాను. తాతయ్య ఎక్కడ నుంచి చూశాడో, వచ్చి ప్లగ్ పీకేశాడు.

"ఒరేయ్, గొట్టం తగిలించకుండా వెయ్యకూడదురా. లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే నన్ను అమ్మినా మళ్ళీ దొరకదు."

ఈ ఆర్టికల్ ఆ మాట నుంచి పుట్టింది. ఇలాంటి పాత ఆంప్‌కి స్పీకర్ ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న "సౌండ్ ఎలా ఉంటుంది?" కాదు. "ఈ స్పీకర్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుందా?" అనేదే.

ఓమ్స్ కలవాలి

తాతయ్య ఇంపీడెన్స్ అనడు. "ఓమ్స్ కలవాలి" అంటాడు. దాని వెనకున్న లెక్క ఇది. ఈఎల్ 34 వాల్వుల జత బాగా పనిచెయ్యాలంటే దానికి సుమారు 3,400 ఓమ్స్ లోడు కనిపించాలి. మన స్పీకర్ 8 ఓమ్స్. మధ్యలో రాజీ కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. 3,400ని 8తో భాగిస్తే 425, దాని వర్గమూలం సుమారు 20.6. అంటే సెకండరీలో ఒక చుట్టుకి ప్రైమరీలో 20.6 చుట్లు ఉండాలి.

ఇక్కడ నాకు ఆలస్యంగా వెలిగింది ఏంటంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కి నిష్పత్తి మాత్రమే తెలుసు. మీరు ఏది తగిలిస్తే దాన్ని 425తో గుణించి వాల్వులకి చూపిస్తుంది. 8 అని రాసిన చోట 16 పెడితే వాల్వులకి 6,800 కనిపిస్తుంది. 4 పెడితే 1,700. మన కంపైలర్ లాగా తప్పు టైప్ ఇచ్చావని ఎర్రర్ చూపించదు. పొగ చూపిస్తుంది.

లోడు తక్కువైతే వాల్వుల మీద కరెంట్ భారం పెరిగి అవి త్వరగా అరిగిపోతాయి. లోడు ఎక్కువైతే ప్రైమరీలో వోల్టేజ్ ఎగిసిపడి ఇన్సులేషన్‌కి ప్రమాదం. అసలు స్పీకరే లేకుండా సిగ్నల్ ఇస్తే ఇంకా ఘోరం. నేను చెయ్యబోయింది అదే. ఈ కాలం ట్రాన్సిస్టర్ ఆంప్‌లతో అలవాటైన మనకి ఇది తిరకాసుగా ఉంటుంది. వాటికి స్పీకర్ లేకపోయినా మామూలుగా ఏమీ కాదు, ఓమ్స్ మరీ తగ్గితేనే ప్రమాదం.

రెండు స్పీకర్లు పెట్టాలంటే: రెండు 8లు సిరీస్‌లో 16, పారలల్‌లో 4. రెండు 16లు పారలల్‌లో 8. ఏది వస్తే ఆ అంకె ఉన్న స్క్రూకే వైరు బిగించాలి. స్పీకర్ మీద అంకె చెరిగిపోతే మల్టీమీటర్ పెట్టండి. అది కాయిల్ డీసీ రెసిస్టెన్సే చూపిస్తుంది కాబట్టి 8 ఓమ్స్ స్పీకర్‌కి 6, 7 మధ్యలో వస్తుంది. దాన్ని చూసి 6 ఓమ్స్ స్పీకర్ అనుకోకండి.

ఇక 100 వోల్ట్స్ స్క్రూ. అది దూరానికి కట్టే గొట్టాల కోసం. పెళ్ళివారింట్లో ఆంప్లిఫయర్, కాలవగట్టు చివర గొట్టం ఉంటే అంత పొడుగు సన్నటి వైర్లో పవర్ వృథా కాకుండా వోల్టేజ్ పెంచి పంపుతారు, గొట్టం దగ్గర ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దించుతుంది. 100 స్క్వేర్‌ని 30 వాట్లతో భాగిస్తే సుమారు 333 ఓమ్స్. అక్కడ మన 8 ఓమ్స్ స్పీకర్ పెడితే వాల్వులకి కనిపించేది 82 ఓమ్స్ దాకా మాత్రమే. దాదాపు షార్ట్ సర్క్యూటే. ఆ స్క్రూ మీద నేను టేప్ అంటించేశాను.

గొట్టం ఎందుకు పనికిరాదు?

గొట్టాలు ఇంట్లోనే ఉన్నాయి, వాటినే పెట్టేయొచ్చుగా అని నాకూ అనిపించింది. కానీ గొట్టం పుట్టింది మనిషి మాట పొలాలు దాటడానికి. కింది స్వరాలు దానికి పలకవు. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింది స్వరాన్ని గట్టిగా పంపితే లోపలి యూనిట్ డయాఫ్రమ్ అదుపు లేకుండా ఊగి చిరిగిపోవచ్చు.

ట్వీటర్ ఉన్న డీజే బాక్స్‌తో సమస్య దీనికి ఎదురు. గిటార్ సౌండ్‌ని పగలగొట్టి వాయించినప్పుడు చాలా పై స్వరాలు పుడతాయి. ట్వీటర్ అవన్నీ నిజాయితీగా వినిపిస్తుంది, చెవిలో జోరీగ దూరినట్టు ఉంటుంది. గిటార్ కోసం చేసిన 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక ఒక్కసారిగా పడిపోతుంది. అది లోపంలా కనిపిస్తుంది కానీ మనకి కావలసిన ఫిల్టర్ అదే.

వాట్లు చూసి మోసపోకండి

నేను విజయవాడలో షాపుకి వెళ్ళి అడిగిన మొదటి మాట "300 వాట్స్ ఉందా అన్నా?" అని. వాట్లు అంటే బండి ఎన్ని బస్తాలు మోయగలదో చెప్పే అంకె, ఎంత వేగంగా పోతుందో చెప్పేది కాదు. సౌండ్ ఎంత వస్తుందో చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని.

97 డెసిబెల్స్ స్పీకర్‌కి 30 వాట్లు ఇస్తే సుమారు 112 వస్తుంది. 100 డెసిబెల్స్ స్పీకర్‌కి 15 వాట్లు ఇచ్చినా అంతే వస్తుంది. మూడు డెసిబెల్స్ తేడా అంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినట్టే. డ్రమ్స్ పక్కన వాయించాలంటే ఎక్కువ సెన్సిటివిటీ, హాస్టల్ రూమ్‌లో అయితే తక్కువది. వేరే వేరే స్పీకర్లు రెండు కలిపితే ఎక్కువ సెన్సిటివిటీ ఉన్నది రెండోదాన్ని మింగేస్తుంది.

అలాగని వాట్లు వదిలెయ్యకూడదు. వాల్వ్ ఆంప్‌ని పూర్తిగా పెంచితే 30 అని రాసున్నా అంతకన్నా ఎక్కువే తోస్తుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, కాబట్టి నాకు ఒక్కటి చాలదు, రెండు కావాలి. అదే కంపెనీ వింటేజ్ 30 పేరులో 30 ఉన్నా అది 60 వాట్ల స్పీకర్. పేరులో ఉన్న అంకె నమ్మకుండా వెనకున్న లేబుల్ చదవండి.

పెట్టె కూడా వాయిద్యమే

లండన్‌లో డ్రమ్స్ షాపు నడిపిన జిమ్ మార్షల్ బృందం 1962లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ చూసి జేటీఎం 45 చేసింది. బాస్‌మన్ నాలుగు 10 అంగుళాల స్పీకర్లున్న, వెనక తెరిచిన కాంబో. మార్షల్ వాళ్ళ హెడ్ మూసేసిన పెట్టెలోని 12 అంగుళాల సెలెస్టియన్‌లతో మోగింది. సర్క్యూట్ దాదాపు అదే, సౌండ్ వేరు. తర్వాత ఆ హెడ్‌నే రెండు 12 అంగుళాల స్పీకర్లతో కాంబో చేశారు. మోడల్ నంబర్ 1962 (అది సంవత్సరం కాదు). 1966లో ఎరిక్ క్లాప్టన్, జాన్ మేయాల్ బృందంతో చేసిన ఆల్బమ్‌లో మోగింది అదే. నేను చేస్తున్న పని కొత్తదేం కాదన్నమాట.

మూసిన పెట్టెలో కింది స్వరాలు గట్టిగా వస్తాయి, సౌండ్ ముందుకే పోతుంది. వెనక తెరిస్తే సౌండ్ రెండు వైపులా పోయి గది నిండుతుంది, కాకపోతే బేస్ కొంత తగ్గుతుంది. నేను వెనక తెరిచే ఉంచాను. మన మే నెల ఎండలో వాల్వుల వేడి బయటికి పోవడానికి కూడా దారి కావాలి.

కాంబోలో ఇంకో మూడు జాగ్రత్తలు. వాల్వులు స్పీకర్ మాగ్నెట్‌కి తగలకుండా ముందే కొలవాలి. తలకిందులుగా వేలాడే వాల్వులకి క్లిప్పులు ఉండాలి, లేకపోతే అదురుకి జారిపోతాయి. పార్టికల్ బోర్డు వద్దు. బందరు గాలి తేమకి రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. 18 ఎంఎం ప్లైవుడ్ మంచిది.

కొనేముందు రెండు పరీక్షలు

మన సముద్రపు గాలికి సెకండ్ హ్యాండ్ స్పీకర్లు లోపల తుప్పు పడతాయి. వేళ్ళు కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది, వదిలెయ్యండి. రెండోది, 1.5 వోల్ట్ బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదలాలి. రెండు స్పీకర్లు పెడుతుంటే రెండూ ఒకే వైపు కదలాలి, లేకపోతే ఒకదాని సౌండ్‌ని ఇంకోటి చంపేస్తుంది.

ఒక హెచ్చరిక: ఆంప్ లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో 400 వోల్ట్స్ దాకా నిలవుండొచ్చు. గిటార్‌కి సరిపడేలా ఇన్‌పుట్ మార్చే పని గుడివాడలో ఒక పాత రేడియో మెకానిక్ గారు చేసిపెట్టారు. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను.

చివరికి తీసుకున్నది ఒకే ఒక 12 అంగుళాల గిటార్ స్పీకర్. 8 ఓమ్స్, 60 వాట్లు, సెకండ్ హ్యాండ్. 300 వాట్ల దానికన్నా చిన్నదే, కానీ ఈ ఆంప్‌కి సరిగ్గా సరిపోతుంది. పాత రేకు డబ్బాకి ఒక్క కొత్త కన్నం కూడా పెట్టలేదు. రేపు కావాలంటే బయటికి తీసి మళ్ళీ గొట్టాలకి తగిలించుకోవచ్చు.

ఉగాదికి పెట్టె తీసుకుని ఊరెళ్ళాను. నేను గిటార్ బయటికి తీసేలోపే తాతయ్య టార్చి వేసుకుని పెట్టె వెనక్కి వంగాడు.

"ఎంతకి ఎంత పెట్టావురా?"

"ఎనిమిదికి ఎనిమిది, తాతయ్యా."

స్క్రూలు ఒక్కొక్కటే వేలితో కదిపి చూసి, తనే స్విచ్ వేశాడు.