తాతగారి .22 రైఫిల్‌తో అడవిపందిని కొట్టొచ్చా?

ప్రశ్న: తాతగారి .22 రైఫిల్ ఇంట్లో ఉంది. మైలవరం దగ్గర మా మొక్కజొన్న చేనును అడవిపందులు పాడుచేస్తున్నాయి. ఆ తూటా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వన్ టౌన్, విజయవాడ

జవాబు: సరిపోదండీ. .22 గుండు బరువు సుమారు 2.6 గ్రాములే. మగ పంది భుజం మీద చర్మం గట్టి డాలులా ఉంటుంది. అంత తేలిక గుండు దాన్ని దాటి గుండెదాకా వెళ్లడం కష్టం. గాయపడ్డ పంది చేలో పొంచి ఉండి మనిషి మీదికి దూకుతుంది. మన దేశంలో తయారయ్యే .315 రైఫిల్ గుండు దాదాపు 16 గ్రాములుంటుంది. పెద్ద జంతువుకు కావలసింది అలాంటి బరువూ, లోతుగా దిగే శక్తీ.

అయితే అసలు అడ్డంకి తూటా కాదు, చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపడం నేరం. పంట నష్టమైతే అటవీ శాఖ అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు.

ఇలా చేయండి:
• నష్టాన్ని ఫొటోలు తీసి, అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.
• చేను చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం వేయండి, లేదా సోలార్ కంచె కట్టండి. కంచెకు నేరుగా కరెంటు ఇస్తే మనుషుల ప్రాణాలే పోతాయి.
• తాతగారు కాలం చేసి ఉంటే ఆయన లైసెన్సు మీకు చెల్లదు. తుపాకీని పోలీసు స్టేషన్‌లో అప్పగించి, మీ పేరిట దరఖాస్తు చేయండి.

గాయపడ్డ పంది కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, వెంటనే అటవీ సిబ్బందిని పిలవండి. లైసెన్సు బదిలీలో చిక్కు వస్తే న్యాయవాదిని కలవండి.