పనిలో గాయపడితే మూడు నెలల గడువు లేదు



మదీనత్ అల్ షమాల్‌లో భవన నిర్మాణ పనిలో చేరిన పదో రోజునే ఒకతను స్కఫోల్డింగ్ మీద నుంచి పడి కాలు విరిగిందనుకోండి. “మూడు నెలలు నిండలేదు, జీతం రాదు” అని ఫోర్‌మన్ అంటే నమ్మవద్దు.

ఖతార్ కార్మిక చట్టం (2004, 14వ నంబరు) ప్రకారం ఆ మూడు నెలల గడువు మామూలు జబ్బు సెలవుకు మాత్రమే. పనిలో తగిలిన గాయానికి అది వర్తించదు. చికిత్స ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి జీతం, ఆపైన సగం జీతం ఇవ్వవలెను. శాశ్వత వైకల్యం ఏర్పడితే, అది ఎంత శాతమో దాన్ని బట్టి నష్టపరిహారం వస్తుంది.

మీరు చేయవలసినవి:

1. ప్రమాదం సంగతి పోలీసులకు, కార్మిక శాఖకు వెంటనే తెలపడం యజమాని బాధ్యత. తెలిపారో లేదో అడగండి.
2. గాయం పనిలోనే తగిలిందని డాక్టరుకు చెప్పండి. రిపోర్టు కాపీ దాచుకోండి.
3. వైకల్యం ఉందని తుది రిపోర్టు వచ్చిన ఏడాదిలోపు పరిహారం కోరాలి. తర్వాత హక్కు పోతుంది.
4. అర్థం కాని కాగితంపై సంతకం పెట్టవద్దు.

గమనిక: మత్తులో ఉన్నా, భద్రతా నియమాలు పాటించకపోయినా పరిహారం రాకపోవచ్చు. ఇంటి పనివారికి, సముద్రంపై పనిచేసేవారికి నియమాలు వేరు.

దోహా దూరమని ఊరుకోకండి. ఎంబసీకి ఫోన్ చేయండి.