మెషీన్ చూసి ఫిజియోథెరపీలో చేరొద్దు

‘మా అమ్మాయి ఈసారీ నీట్ రాస్తోంది. సీటు రాకపోతే బీపీటీ చేయించి, మంచి మెషీన్లు కొని క్లినిక్ పెట్టిస్తాం.’ కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట ఇది. ఇందులో రెండు భ్రమలున్నాయి. ఎంబీబీఎస్ రానివాళ్లు సర్దుకునే కోర్సు ఫిజియోథెరపీ అనేది మొదటిది. వైద్యం చేసేది మెషీనే అనేది రెండోది.

రెండోదాని సంగతి తేలాలంటే అల్ట్రావయొలెట్ దీపం కథ తెలియాలి. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయకు ఆర్క్ దీపాల కాంతితో చికిత్స చేసి 1903లో నోబెల్ అందుకున్నారు. తర్వాత పాదరసపు ఆవిరి దీపాలు ఫిజియోథెరపీ విభాగాల్లోకి వచ్చాయి. మానని పుండ్లకు, సోరియాసిస్‌కు, మొటిమలకు వాటిని వాడేవారు. మందులు వచ్చాక చర్మక్షయకు దీపంతో పని తీరిపోయింది. సోరియాసిస్, బొల్లికి ఇప్పుడు 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ ఇస్తున్నది ఎక్కువగా చర్మవ్యాధుల విభాగాలే. ఫిజియోథెరపీ గదిలోంచి దీపం వెళ్లింది, ఫిజియోథెరపిస్టు మిగిలాడు.

ఎందుకంటే స్విచ్ వేయడం ఏనాడూ అసలు పని కాదు. ఎవరికెంత డోసు ఇవ్వాలో తేల్చడమే పని. కన్నాలు చేసిన అట్టను ముంజేతిపై పెట్టి, ఒక్కో కన్నంలో ఒక్కో వ్యవధి కాంతి పడనిస్తారు. మర్నాడు ఎక్కడ చర్మం లేతగా కందిందో చూసి ఆ రోగికి తగిన డోసు నిర్ణయిస్తారు. దీపాన్ని సగం దూరానికి జరిపితే తీవ్రత దాదాపు నాలుగు రెట్లవుతుంది. డాక్సీసైక్లిన్ వాడుతున్నారేమో అడగకుండా కాంతి పెడితే చర్మం కాలొచ్చు. గాగుల్స్ మరిస్తే కళ్లకు ప్రమాదం. ఈ విచక్షణ బటన్లు నొక్కడం నేర్పే కోర్సులో దొరకదు.

అందుకే కొన్ని నెలల్లో ‘లేజర్ థెరపీ సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం’ అనే ప్రకటనలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాగితంతో ఎవరూ ఫిజియోథెరపిస్టు కారు. 2021 చట్టంతో ఏర్పడిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ పరిధిలో ఉన్న వృత్తి ఇది. గుర్తింపు ఉన్న డిగ్రీ తప్పనిసరి. డిగ్రీ రాగానే అప్పుచేసి మెషీన్లు కొనడమూ ఉచ్చే. ఈఎంఐ తరుముతుంటే, అవసరం లేని రోగికీ మెషీన్ తగిలించాలనిపిస్తుంది.

బీపీటీకి ఇంటర్ బైపీసీ కావాలి. మిగతా నిబంధనలు ఏపీలో ఎన్టీఆర్, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల తాజా నోటిఫికేషన్‌లో చూడండి.

కాలేజీకి వెళ్తే ల్యాబ్‌లో మెషీన్లు లెక్కపెట్టొద్దు, ఓపీకి రోజూ ఎంతమంది రోగులు వస్తారో అడగండి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్‌లలోలా ఆస్పత్రితో కలిసి నడిచే కోర్సుకే నా ఓటు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు న్యూరో, ఆర్థో వార్డుల్లో, ఐసీయూలో పనిచేయాలి. ఎంపీటీ, సొంత క్లినిక్ ఆ తర్వాతి మాట.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లను మళ్లీ లాంగ్‌టర్మ్ హాస్టల్లో పడేసే ముందు, అనుమతి తీసుకుని ఒక పూట ఫిజియోథెరపీ విభాగానికి తీసుకెళ్లండి. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి లేపి నిలబెట్టే పని తనను చూడనివ్వండి. నచ్చితే మొదటి ఎంపికగానే చేర్పించండి. నచ్చలేదంటే బలవంతం చేయొద్దు. ఫీజు మీరు కొన్నేళ్లు కడతారు, ఆ పని తను జీవితమంతా చేయాలి.