పటము, పేరు, ప్రజ: రెండు భారతమాత చిత్రముల పరిశీలన

వంగదేశమందలి ఖరగపూరు రైల్వే పట్టణమున తెలుగువారును వంగీయులును ఇరుగుపొరుగువారు. బెంగాలు నాగపూరు రైల్వే కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు దుర్గాపూజ పరాయి పండుగ కాదు. అమ్మవారి మూర్తిని ఏటేట క్రొత్తగా మలచి తుదకు నీట కలుపు ఆచార మది. అందు శిల్పికి స్వేచ్ఛ కలదు. భక్తికి లోపము లేదు. శక్తిని తల్లిగా దర్శించు ఈ నేలయందే 1905లో అవనీంద్రనాథ ఠాకూరు దేశమును తల్లిగా చిత్రించెను. నూఱేండ్ల పిమ్మట, 2006లో, అదే పేరు వహించిన మక్బూల్ ఫిదా హుస్సేను చిత్రము న్యాయస్థానముల కెక్కినది. ప్రజలు ఈ రెండు పటములను గ్రహించిన తీరును పోల్చుట ప్రస్తుత విషయము.

అవనీంద్రుని పటము నీటిరంగులతో వ్రాసినది. కాషాయము ధరించిన స్త్రీమూర్తికి నాలుగు చేతులు. వానియందు పుస్తకము, వరికంకులు, జపమాల, తెల్లని వస్త్రము. ఆయన దీనిని మొదట 'వంగమాత'గా భావించెను. పిదప 'భారతమాత' యను పేరు స్థిరపడినది. వంగవిభజన వ్యతిరేకోద్యమమున దీనిని పతాకముపై పెద్దదిగా వ్రాయించి ఊరేగించిరి. సోదరి నివేదిత దీని ప్రతులు దేశమంతటను వ్యాపింపవలెనని కోరెను. ఆ యుద్యమమే 1907లో బిపిన్ చంద్రపాలుని ఉపన్యాసములతో ఆంధ్రదేశమును కదలించినది. పేరు మాఱుటచే పటము ఒక ప్రాంతమును దాటి జాతి కంతటికిని చెందినది.

హుస్సేను చిత్రము భారతదేశపటము నాకృతిలో ఒదిగిన నగ్నస్త్రీమూర్తి. దేహముపై ప్రాంతముల పేర్లు కలవు. చిత్రకారుడు దీనికి పేరు పెట్టలేదనియు, 2004లోనే ఒక సంగ్రాహకున కమ్మెననియు, 2006లో కాశ్మీర భూకంపబాధితుల సహాయార్థమైన వేలమున 'భారతమాత' యను పేరు చేరినదనియు ఆయన పక్షమున న్యాయస్థానమునకు నివేదించిరి. వేలపు ప్రకటన పత్రికలో అచ్చయిన పిమ్మట నిరసనలు చెలరేగినవి. హుస్సేను క్షమాపణ చెప్పెను. అయినను పలుచోట్ల అభియోగములు దాఖలైనవి. దేవతాచిత్రముల విషయమున పూర్వమే ఆక్షేపణల నెదుర్కొనిన ఆయన దేశము విడిచెను.

ఆక్షేపించినవారి నొప్పిని కేవలము నటన యని త్రోసివేయుట పరిశోధకునకు తగదు. 'తల్లి' యను మాట ముందుగా వినిన కన్ను వేఱుగా చూచును. కాని నొప్పి నిజమైనంత మాత్రమున నేరము సిద్ధింపదు. 2008 మే 8న ఢిల్లీ ఉన్నతన్యాయస్థాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్, నగ్నత తనంతట అశ్లీలము కాదని నిర్ణయించి అభియోగములను కొట్టివేసెను. ఆ సెప్టెంబరులో సర్వోన్నతన్యాయస్థానము జోక్యము చేసికొన నిరాకరించినది. తీర్పు అనుకూలమైనను హుస్సేను తిరిగి వచ్చి స్థిరపడలేదు. 2010లో కతారు పౌరసత్వము స్వీకరించి, 2011 జూన్ 9న లండనులో మరణించెను.

తాళపత్రప్రతిని పరిష్కరించువాడు కవి రచనను, లేఖకుడు చేర్చిన మాటలను, తరువాతివారు పెట్టిన పేరును వేఱుచేసి చూచును. చిత్రవివాదమునందును ఆ క్రమమే శరణ్యము. పట మెవరిది? పే రెవరు పెట్టిరి? ప్రతి నెవరు, ఏ సందర్భమున ప్రకటించిరి? ఆక్షేపించినవారు చూచినది పటమునా, ప్రకటననా? ఒకే పేరు అవనీంద్రుని పటమును పతాకముపై కెక్కించినది. హుస్సేను ప్రవాసమునకు ఒక కారణమైనది. కావున చిత్రమును విమర్శించుటకు ముందు దాని పేరునకు కర్త యెవరో విచారించుట విమర్శకుని ప్రథమధర్మము.